చవితినాడు మావయ్య గిన్నె

మా అత్త పోయిందని చిన్నమావయ్య ఫోన్ చేసేసరికి నేను టెక్కలిలో స్కూలుకి బయల్దేరుతూ చెప్పులు వెతుక్కుంటున్నాను. "అమ్మా, ఒదిన లేదమ్మా" అన్నారు. ఎక్కడికెళ్ళిందండీ అని అడిగాను. నిజంగానే అడిగాను, సంతకా, పలాసకా అని. అవతల ఆయన ఏడుపు వినబడ్డాక గాని నాకు తలకెక్కలేదు. జీడితోటలో ఎండాకులు ఊడుస్తూ, చీపురు పక్కన పెట్టి చెట్టుకి ఆనుకుని కూర్చుందట. మరి లేవలేదు. పని మధ్యలో ఆవిడ కూర్చోవడం ఎవరూ చూడలేదు కాబట్టి, దారిన పోయేవాళ్ళకి అనుమానం వచ్చి దగ్గరికెళ్ళారట.

మేమిద్దరం తల్లీకూతుళ్ళలా ఉండేవాళ్ళమని రాస్తే మా అత్తే పకపకా నవ్వుతుంది. మొదటి రెండేళ్ళూ మాకు క్షణం పడేది కాదు. పెళ్ళయిన కొత్తలో ఓ పండక్కి నేను కేరెట్టూ కీరా చక్రాల్లా కోసి, పళ్ళెంలో పువ్వులా పేర్చి, సలాడ్ అని పెట్టాను. ఆవిడ పళ్ళెం చుట్టూ ఓసారి తిరిగి చూసి, "బాగుంది గాని, ఇది మనకా, మేకకా?" అంది. ఇంటిల్లిపాదీ నవ్వారు. నేను ఆ రాత్రి అన్నం తినలేదు. నా కోపం అలాంటిది. ఆవిడ బతిమాలనూ లేదు. ఆవిడ మొండితనం అలాంటిది.

తరవాత మావయ్యకి కిడ్నీలు పాడయ్యాయి. మా ఉద్దానంలో ఈ జబ్బు గురించి ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. వారానికి రెండుసార్లు మా అత్తవారి ఊరు పూండి నుంచి పలాస వెళ్ళి, నాలుగు గంటలు డయాలిసిస్ మిషను మీద పడుకుని రావాలి. ఆ మధ్య రోజుల్లో ఏం తినాలన్నది ఇంకో యుద్ధం. ఉప్పు వద్దు, నీళ్ళు కొలిచి తాగాలి. అన్నిటికంటే ముఖ్యం పొటాషియం. కిడ్నీలు పనిచెయ్యని మనిషి ఒంట్లో అది పోగుపడితే ఉన్నట్టుండి గుండె ఆగిపోవచ్చు. కొబ్బరినీళ్ళలో ఉంది, కొబ్బరిలో ఉంది, పప్పుల్లో ఉంది, బెల్లంలో ఉంది. కొబ్బరితోట మధ్యలో ఇల్లు కట్టుకున్న మనిషికి కొబ్బరే ముట్టకూడదన్నారు. మా అత్తకి చదువు రాదు. సెంటర్లో సిస్టర్ చెప్పిన ప్రతి ముక్కా చెవితో పట్టుకుని, ఇంటికొచ్చేదాకా గొణుక్కుంటూ వచ్చేది.

అన్ని పండగలూ ఎలాగోలా గడిచేవి. నాగులచవితే గండం. మా అత్తవారింట ఆ రోజు సాయంత్రందాకా పొయ్యి వెలిగించరు. కత్తి పట్టరు, కత్తిపీట గోడకి తిప్పి పెట్టేస్తారు. పుట్టలో పాలు పోసి వచ్చి అందరూ చిమ్మిలి, చలిమిడి, వడపప్పు, కొబ్బరి తింటారు. అంటే నువ్వులు, బెల్లం, పెసరపప్పు, కొబ్బరి. మావయ్యకి వద్దన్న జాబితాని పళ్ళెంలో పెట్టినట్టే ఉండేది. వండకూడదు, కొయ్యకూడదు, ఉన్నవేవీ ఆయన తినకూడదు. పండగపూట ఇంటి పెద్దని పస్తుంచితే ఆ ప్రసాదం ఎవరికి దిగుతుంది?

అందుకే ఆవిడ ఒక గిన్నె కనిపెట్టింది. దానికి పేరు లేదు, "మీ మావ గిన్ని" అనేది. కేబేజీ ఆకులు చేత్తో చింపి పొద్దున్నే నీళ్ళలో వేసేది. రెండుసార్లు ఆ నీళ్ళు పారబోసి కొత్తనీళ్ళు పోసేది, ఉన్న పొటాషియం కొంతైనా నీళ్ళలోకి పోతుందని. తినే వేళకి ఆకుల్ని గుడ్డలో వేసి గట్టిగా పిండేది. కీరా కాయని రోటి అంచు మీద ఒక్క పోటు పొడిస్తే నిలువునా పగిలేది, గింజలు వేలితో గీసేసేది. ఏపిల్‌ని తొడిమ దగ్గర రెండు బొటనవేళ్ళూ గుచ్చి ఫట్‌మని విరిచేది. మిరియాలపొడి, నాలుగు చుక్కలు నిమ్మరసం. ఆఖర్న, ముందురోజు ఇసకలో వేయించి దాచిన ధాన్యం పేలాలు గుప్పెడు. మావయ్య కాళ్ళు కడుక్కుని పీట మీద కూర్చునేలోపు అన్నీ అయిపోవాలి. ఆలస్యమైతే పేలాలు మెత్తబడిపోతాయి.

"పంటి కింద సప్పుడుండాలి. సప్పుడుంటే సప్పగుందని మర్సిపోతాడు" అనేది. ఆయనకి రోజుకి ఇంతని అనుమతి ఉన్న ఉప్పులోంచి రెండు వేళ్ళ మధ్య పట్టేంత మిగిల్చి, ఆ చిటికెడూ పైన జల్లేది. కలపనిచ్చేది కాదు. "కలిపితే పోద్ది. పైన జల్లితే నాలిక ముందు దాన్నే సూత్తాది." వంట గురించి నేను చదివిన ఏ పుస్తకంలోనూ ఇంత పనికొచ్చే మాట లేదు.

ఇప్పుడు నా తప్పు చెప్పాలి. ఈ నాలుగు మాటలూ రాయడానికి కూర్చున్నది అందుకే.

మూడేళ్ళ కిందటి చవితి. దీపావళి వెళ్ళగానే తుపాను పట్టుకుంది. రోడ్డు మీద చెట్లు పడిపోయి మావయ్య పలాస వంతు తప్పిపోయింది. మళ్ళీ వంతు చవితి మర్నాడు. అంటే మిషను ఎక్కి అప్పటికి ఆరు రోజులు. ఆయన కాళ్ళు వాచాయి, మెట్టెక్కితే ఆయాసం. అత్త రెండు రోజులుగా ఆయన తాగే గుక్కలు లెక్కపెడుతోంది. ఎవరు నవ్వినా చిరాకు పడుతోంది. పుట్ట నుంచి వచ్చి అందరం వరండాలో కూర్చున్నాం. చిన్నమావయ్య చిమ్మిలి ఉండ నోట్లో వేసుకుని, "ఏటొదినా, పండగపూట కూడా అన్నకి ఉప్పూ పులుపూ లేని గడ్డేనా?" అన్నారు. ఆయనది వేళాకోళమే. మావయ్య మాత్రం వంటింటికేసి చూస్తూ, "రుచెలాగుంతాదో మర్సిపోయినాన్రా" అన్నారు. ఆ మాట అన్న తీరుకి నేను కూర్చోలేక లేచాను.

నా సంచీలో ఒక ఉప్పు పేకెట్టు ఉంది. సోడియం తక్కువ ఉన్న ఉప్పు. ఆయన కోసమనే కొన్నాను. బీపీ ఉన్నవాళ్ళు ఇదే వాడతారు మేడమ్ అన్నాడు షాపతను. సోడియం తక్కువంటే ఉప్పు తక్కువ, ఉప్పు తక్కువంటే మావయ్యకి మంచిది. నా తెలివి అక్కడిదాకా నడిచి ఆగిపోయింది. ముందే చెబితే మా అత్త ఒప్పుకోదని తెలుసు. ఆవిడ పెరట్లోకి వెళ్ళిన అదనుచూసి, వంటింట్లో ఉన్న గిన్నెలో రెండు చెంచాలు వేసి బాగా కలిపి, తెచ్చి మావయ్య ముందు పెట్టేశాను. మేక మాట ఇంకా మనసులో ఉందేమో, నాకూ వంటొచ్చని చూపించాలని ఉందేమో. ఉండే ఉంటుంది.

మావయ్య ఒక పిడికెడు నోట్లో పెట్టుకున్నారు. ఆయన మొహం విచ్చుకుంది. "ఒలే! ఇయ్యాల బెమ్మాండంగుందే!" అని పెరట్లోకి వినబడేలా కేకేసి గబగబా తినసాగారు.

ఆ మెప్పుకి మరే భార్యయినా మురిసిపోయేది. మా అత్త చేతిలో చెంబు పడేసి పరిగెత్తుకొచ్చింది. గిన్నెలోంచి ఒక ఆకు తీసుకుని నోట్లో వేసుకుంది. రెండుసార్లు నమిలి నాకేసి చూసింది. వంటింట్లోకి రమ్మని కళ్ళతోనే చెప్పింది.

"ఏటేసినావు?"

పేకెట్టు చూపించాను, కొంచెం గర్వంగానే. ఆవిడ అటూ ఇటూ తిప్పింది. మీద అంతా ఇంగ్లీషే.

"సదువు."

"ఇది మంచిదత్తా, సోడియం..."

"ఎనకాల సన్నచ్చరాలున్నాయి కాదేటి. అయి సదువు."

నేను స్కూల్లో ఇంగ్లీషు చెబుతాను. పిల్లలు ఒక్క అక్షరం మింగితే మళ్ళీ మొదట్నుంచీ చదివిస్తాను. సోడియం క్లోరైడ్ అని చదివాను. తరవాతి మాట దగ్గర ఆగిపోయాను. "సదువమ్మా" అంది. పొటాషియం క్లోరైడ్ అన్నాను.

ఆవిడకి ఇంగ్లీషు రాకపోయినా ఆ మాట వచ్చు. సిస్టర్ నోట వందసార్లు విన్నది. ఒక్క క్షణం కూడా నా మీద ఖర్చుపెట్టలేదు. వరండాలోకెళ్ళి మావయ్య చేతిలోంచి గిన్నె లాగేసుకుంది. అప్పటికి సగం అయిపోయింది.

"ఏటే ఇది! తిననియ్యవేటి!" అని ఆయన అరిచారు. చుట్టాలందరూ చూస్తున్నారు.

"నాను ఉప్పు తప్పేసీసినాను. నీకు పడనిది ఏసీసినాను. లెగు, బేగి లెగు, పలాస ఎల్దుము" అంది. చిన్నమావయ్యకేసి తిరిగి "ఆటో పిలు" అంది. మావయ్య ఆవిణ్ణి నానా మాటలూ అన్నారు. కళ్ళు నెత్తికెక్కాయా, మొగుణ్ణి చంపుకుందామనుకున్నావా అన్నారు. నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను, పేకెట్టు ఇంకా నా చేతిలోనే ఉంది. నోరు తెరిస్తే అయిపోయేది. తెరవలేదు.

పూండి నుంచి పలాస ఎంత దూరమని? ఆ రోజు దారి ఎంతకీ తెగలేదు. పడిన చెట్లు తప్పించుకుంటూ ఊళ్ళ మధ్య నుంచి తిరిగి వెళ్ళాం. అత్త దారంతా ఆయన మణికట్టు పట్టుకుని కూర్చుంది. మధ్యలో ఓసారి ఆయన "ఒళ్ళంతా నీరసంగుందే" అన్నారు. ఆవిడ ఆటో అతని భుజం మీద చెయ్యివేసింది. అతను ఇంకా వేగం పెంచాడు. సెంటర్లో సిస్టర్ గుండె పరీక్ష కాగితం చూస్తూనే డాక్టర్ని పిలిచింది. ఏవో ఇంజెక్షన్లు ఇచ్చారు. మిషను దగ్గర తన వంతు కోసం కూర్చున్న ఒక ముసలాయన లేచి, "ముందు ఆయన్ని పడుకోబెట్టండి" అన్నాడు. ఆయనెవరో నాకు ఇప్పటికీ తెలీదు, చేతులెత్తి దండం పెడుతున్నాను.

మేమిద్దరం బయట బల్ల మీద కూర్చున్నాం. గండం గడిచిందని సిస్టర్ వచ్చి చెప్పింది. ఆ తరవాత అత్త, నాకేసి చూడకుండా, "నువ్వేసినావని ఆయనకి సెప్పకు" అంది.

"తప్పు నాదే కదత్తా" అని ఏడ్చాను.

"నీదే. కాదని ఎవులన్నారు?" అంది. నన్ను ఓదార్చే ఉద్దేశం ఆవిడకి బొత్తిగా లేదు. "నాను పెట్టినానంటే తిడతాడు, తిట్టుకుంతానే తింతాడు. ఇన్నేళ్ళూ అదే సేత్తన్నాడు. కోడలు పెట్టిందని తెలిసిందనుకో, నీ సేతి మెతుకు మరి ముట్టడు. రేపు నాకేదైనా అయితే ఆయనకెవులు పెడతారు?"

నా పరువు కోసమని అప్పటిదాకా అనుకున్నాను. ఆవిడ నా గురించి ఆలోచించనేలేదు. తను లేని రోజు ఆయన ఏం తింటాడని ఆలోచించింది. నాకు ఆవిడ మీద ప్రేమ పుట్టింది ఆ బల్ల మీదే, ఆ మాటకే.

అప్పట్నుంచి ప్రతి ఆదివారం పూండి వెళ్ళినప్పుడు నాకొక పని పడింది. ఇంట్లోకొచ్చిన ప్రతి పేకెట్టూ వెనక సన్నక్షరాలు ఆవిడకి చదివి వినిపించాలి. బిస్కెట్లు, అటుకులు, మసాలాలు. ఓసారి బట్టల సబ్బు కూడా చదివించింది. "ఇది తినరత్తా" అంటే, "సదివితే నీ సొమ్మేటి పోద్ది?" అంది. గిన్నె కలపడం నేర్పింది. మొదటి ఏడాది పక్కనే నిలబడి చూసింది, రెండో ఏడు గుమ్మంలోంచి, మూడో ఏడు అసలు వంటింట్లోకే రాలేదు.

మావయ్య మాత్రం ఆ కథ వదల్లేదు. ఏ చుట్టం వచ్చినా, "మాయావిడి ఓపాలి సవితినాడు నన్ను సంపీబోయింది తెలుసా!" అని మొదలుపెట్టేవారు. ఏడాది తిరిగేసరికి కోపం పోయి అది హాస్యం అయింది. అందరూ నవ్వేవారు. మా అత్త కూడా కొంగు అడ్డం పెట్టుకుని, "అవునవును, నానే" అని నవ్వేది. నేను ఏదో పని ఉన్నట్టు పెరట్లోకి వెళ్ళిపోయేదాన్ని.

అత్త పోయిన పదో రోజు భోజనాలకి ఇంటినిండా జనం. మావయ్యకి నేనే గిన్నె కలిపి ముందు పెట్టాను. ఎవరో పెద్దాయన మా అత్త వంట చెయ్యి గురించి మెచ్చుకుంటున్నాడు. మావయ్య తలెత్తారు. "దాని సెయ్యా? సవితినాడు నన్ను..." అని కళ్ళు తుడుచుకుంటూ నవ్వబోయారు.

"అది అత్త కాదు మావయ్యా. ఆ ఉప్పు నేను వేశాను" అన్నాను.

చెప్పకు అన్న మాట ఆవిడది. పదిమందిలో ఆవిడ పేరు మళ్ళీ అలా నవ్వులపాలవుతుంటే నా వల్ల కాలేదు. పేకెట్టు సంగతీ, ఆవిడ చదివించిన సంగతీ, బల్ల మీద అన్న మాటలూ అన్నీ చెప్పేశాను. చెబుతున్నంతసేపూ నా చూపు ఆయన చేతి మీదే ఉంది. ఆ చెయ్యి గిన్నెని అవతలికి తోసేస్తే, అత్త మూడేళ్ళు మోసిందంతా నేను ఒక్క మాటతో నేలపాలు చేసినట్టే.

ఆయన గిన్నెలోకి చూశారు. తరవాత ఒక ముద్ద తీసుకున్నారు. ఇంకొకటి. మొత్తం తిన్నారు. చెయ్యి కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుని, వంటింటి గుమ్మం వైపు తిరిగారు. "ఏటే, ఒక్కపాలి ఇటు రా" అని అత్తని పిలిచారు. కేకెయ్యలేదు. మెల్లగా, తప్పు చేసినవాడు పిలిచినట్టు పిలిచారు.

మేమందరం ఆ గుమ్మం వైపే చూశాం.