ముద్దాయి దొరికితేనే రిపేరు

ఆ వీధి చివరి షెడ్డులో ఉండే మెకానిక్‌కు లోకంలో ఒకటే పట్టింపు. బండికి ఏమైందన్నది తర్వాతి సంగతి, ఎవడు చేశాడన్నది ముందు తేలాలి. బండి లోపలికి రాగానే బానెట్ మీద చెయ్యి వేసి, "ఎవడు?" అంటాడు. అందుకే అందరూ ఆయన్ని 'ఎవడు మెకానిక్' అంటారు. ఎదురుగా అనే ధైర్యం మాత్రం ఎవరికీ లేదు.

ఒకసారి బ్రేకులు అరిగాయని ఒక లెక్చరర్ వచ్చాడు.

"ఎవడు తొక్కాడు?"

"నేనేనండీ."

"ఎందుకు తొక్కారు?"

"బండి ఆగుతుందని."

"మెల్లగా పోనిస్తే అంతలా తొక్కే పనుండేదా?"

పాపం, ఆ లెక్చరర్ ఇంకెప్పుడూ అలా చెయ్యనని చెబితే గానీ జాకీ కదల్లేదు. ఇంకోసారి ఎలుక వైర్లు కొరికిందని తేలితే, అది బోనులో పడేదాకా మూడు రోజులు కొత్త వైరు వెయ్యలేదు మహానుభావుడు. తను బిగించిన బోల్టే ఊడిపడినప్పుడు మాత్రం ఆ బోల్టు తయారుచేసినవాణ్ణి తిట్టాడు. 'నాది తప్పు' అన్నమాట ఆయన నోట ఎవరూ విని ఎరగరు.

అలాంటి మనిషి దగ్గరికి ఒక నర్సమ్మ తన ఇరవై రెండేళ్ళ కారును తాడు కట్టి లాగించుకొచ్చింది. ఇంటింటికీ తిరిగి మంచాన పడ్డవాళ్ళకు కట్లు మార్చే ఉద్యోగం ఆమెది. వెంట వాళ్ళ నాన్న ఉన్నాడు. ముప్ఫై ఏళ్ళు బస్సు నడిపిన మనిషి. చూపు తగ్గిందని డాక్టరు స్టీరింగ్ మాన్పించాక, రోజూ పొద్దున్నే బానెట్ ఎత్తి కారు మంచీచెడ్డా చూడటం ఒక్కటే ఆయనకు మిగిలింది. పోయిన నెల ఆయన స్టవ్ ఆర్పడం మరిచిపోతే నర్సమ్మ తమ్ముడు ఫోన్లో ఒకటే గొడవ. ఇంకొక్క పొరపాటు జరిగితే నాన్నను ఇక దేన్నీ ముట్టుకోనివ్వకూడదన్నాడు. ఆమె సరేనంది. అన్నందుకు అప్పటినుంచీ ఆమెకు తన మీద తనకే మంట.

"పెద్ద వర్క్‌షాపులో చూపించానండీ. ఇంజిన్‌లో ఆయిల్, నీళ్ళు కలవకుండా అడ్డుండే గాస్కెట్ పోయి, ఆయిల్ వచ్చి కూలెంట్‌లో కలిసిందట. తుక్కుకు ఇచ్చెయ్యమన్నారు."

"తుక్కుకా? ఎవడా అన్నది?" మెకానిక్ కూలెంట్ ట్యాంకు మూత తీశాడు. ఇంజిన్‌ను చల్లబరచాల్సిన ఆకుపచ్చ నీళ్ళు మురికి మజ్జిగలా ఉన్నాయి, పైన జిడ్డు తెట్టె. ఆయన ఆయిల్ మట్టం చూసే పుల్ల లాగి వెలుతురులో పట్టాడు. "ఇంజిన్ ఆయిల్ శుభ్రంగా ఉంది. గాస్కెట్ పోతే ఇందులోకి నీళ్ళు చేరి తెల్లగా అయ్యేది కాదూ? చూడటానికి బద్ధకం వాళ్ళకి." ఇంజిన్ స్టార్ట్ చేయించి ట్యాంకులోకి తొంగిచూశాడు. "ఒక్క బుడగ లేదు. పొగ గొట్టంలో తెల్ల పొగా లేదు. నిక్షేపంలాంటి ఇంజిన్‌ను పట్టుకుని చచ్చిందంటారా?"

ఇంజిన్ ఆపించి, ఆ తెట్టెలో వేలు ముంచి, రుద్ది, వాసన చూశాడు. ఆయన ముఖం జేవురించింది.

"అమ్మా, ఇది ఇంజిన్ ఆయిల్ కాదు. వేరుశనగ నూనె. జిడ్డు పేరుకుని రేడియేటర్ మూసుకుపోయింది, అందుకే వేడెక్కింది. వంటనూనె సీసాలో నీళ్ళు పట్టుకొచ్చి, కడక్కుండా రోజూ పోశాడు ఒక ఘనుడు. ఎవడు?"

వంటింట్లో సింకు కింద వరసగా నిలబెట్టిన ఖాళీ నూనె సీసాలు నర్సమ్మ కళ్ళ ముందు కదిలాయి. అవి దాచేది నాన్నే.

"చెప్పరేం? తేలేదాకా స్పానర్ పట్టను. ఎవడు పోశాడు?"

స్టూలు మీద కూర్చున్న పెద్దాయన మెల్లగా లేచాడు. "రోజూ బానెట్ ఎత్తేది నేనే. నాకు మిగిలిన పని అదొక్కటే... అది మరి..." అన్నాడు.

మెకానిక్ ఆయన ముఖం చూశాడు. నర్సమ్మ ముఖం చూశాడు. షెడ్డు పుట్టాక మొదటిసారి 'ఎవడు?' అన్న ప్రశ్నను తనే మింగేశాడు. ఆ తర్వాత ఇంకా గట్టిగా అరిచాడు.

"నేనే పోశాను. పోయిన నెల సర్వీసుకొచ్చినప్పుడు. కడిగిన సీసా అనుకున్నా. ఏం, నేను మనిషిని కాదా? నా చేత పొరపాటు జరగకూడదా?"

పోయిన నెల ఆ కారు ఈ షెడ్డు గుమ్మం తొక్కనే లేదు.

"మీరేంటి పెద్దాయనా, రోజూ బానెట్ ఎత్తుతారటగా? నాలాంటివాడు చేసిన నిర్వాకం కనిపెట్టొద్దూ?" అంటూ ఆయన చేతిలో ఒక కొత్త కూలెంట్ డబ్బా కుక్కాడు. "ఇకమీదట ఇదే పొయ్యాలి, మీరే పొయ్యాలి. వేరేవాడెవడైనా చెయ్యి పెడితే ఊరుకోను."

కారును నాలుగుసార్లు కడిగితే గానీ నీళ్ళు తేటపడలేదు. ఆఖరిసారి కడుగుతుండగా తమ్ముడు ఫోన్ చేస్తే నర్సమ్మ నూనె సీసా సంగతి చెప్పింది.

"నాన్నేనా అక్కా?"

"కాదురా, మెకానిక్. ఆయనే ఒప్పుకున్నాడు."

"బుద్ధుందా ఆయనకి? నూనె సీసాతో పోస్తాడా ఎవడైనా?"

పక్కనే ఉన్న మెకానిక్ ఆ మాటలన్నీ విన్నాడు. పళ్ళు నూరాడు గానీ, నోరు మెదపలేదు.

తిరుగు దారిలో పెద్దాయన డబ్బాను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. "ఇంటికెళ్ళగానే ఆ సీసాలన్నీ పారేస్తానమ్మా" అన్నాడు చివరికి. నర్సమ్మ తలూపింది.

"ముప్ఫై ఏళ్ళలో ఎంతమంది మెకానిక్‌లను చూశాను" అంటూ ఆయన నవ్వాడు. "అబద్ధం కూడా తిట్టినట్టు చెప్పేవాణ్ణి ఇప్పుడే చూశా."