కళ్ళు తెరిచి చేసిన ప్రార్థన

మొన్న శనివారం ఉదయం పది గంటల ఐదు నిమిషాలకి రాజమండ్రిలో ఒక ట్రైనింగ్ హాల్లో లైట్లు ఆర్పి, కిటికీలకి తెరలు లాగారు. వానాకాలమంతా మడతల్లో ఉండిపోయిన గుడ్డ వాసన గది నిండా పరుచుకుంది. మేమంతా బడి టీచర్లం. పిల్లలందరూ ఒకేలా నేర్చుకోరు కాబట్టి ఎవరికి తగ్గట్టు వాళ్ళకి పాఠం ఎలా మార్చుకోవాలో చెప్పడానికి మమ్మల్ని పిలిచారు. మాట్లాడడానికి వచ్చినాయన విషయం తెలిసినవాడే. కానీ ప్రొజెక్టర్ తెర మీద అక్షరాల వైపు తిరిగి, మాకు వీపు చూపిస్తూ చదివాడు. ఆ చీకట్లో ఆయన మొహం కనబడలేదు. నాకు మా అక్క కరుణ గుర్తొచ్చింది.

మాది ఆత్రేయపురం అవతల, గోదారి గట్టు కింద ఒక పేట. నాన్న అరటితోటల్లో కూలికి వెళ్ళేవాడు. వేసవిలో కాలువలు కట్టేశాక అడుగున మిగిలిన బురదలో చేపలు తడుముకోవడం, శ్రావణంలో ఎర్రనీళ్ళు గట్టు దాకా వచ్చినప్పుడు పెద్దవాళ్ళు మాటలు తగ్గించి బీడీలు ఎక్కువ కాల్చడం, చలి మొదలయ్యాక కుండలో పెట్టి తంపటేసిన తేగల వాసన జుట్టుకి పట్టి మర్నాడు బడి దాకా రావడం, ఇవే మాకు తెలిసిన రుతువులు. అక్కకి నాలుగో ఏట జ్వరం వచ్చి చెవులు పోయాయి. అప్పటికి వచ్చిన మాటల్లో కొన్ని మిగిలాయి, తక్కినవి ఒక్కొక్కటే జారిపోయాయి. గచ్చకాయలు ఎగరేసి పట్టే అచ్చంగాయల ఆటలో అక్కని గెలిచినవాళ్ళు లేరు. దాగుడుమూతల్లో మాత్రం ఆట అయిపోయిందన్న కేక వినబడక, అందరూ ఇళ్ళకి పోయాక కూడా అరటిచెట్ల మధ్య నక్కి కూచునేది. అమ్మ వెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేది.

మాది మిషను బడి, ఒకటే గది. ఆదివారం అదే చర్చి, మిగతా రోజుల్లో బడి. అందులో అన్ని తరగతులకీ కలిపి శాంతమ్మ టీచరుగారు ఒక్కరే. వచ్చిన కొత్తలోనే ఆవిడ నల్లబల్లని చీకటి గోడ నుంచి తీయించి, తన మొహం మీద వెలుగు పడేలా కిటికీకి ఎదురుగా పెట్టించారు. రాసేటప్పుడు మాట్లాడేవారు కాదు, మాట్లాడేటప్పుడు రాసేవారు కాదు. నోటికి కొంగు అడ్డం పెట్టుకునే అలవాటు ఉండేది, అది మానుకున్నారు. జవాబు చెప్పేవాళ్ళు ఎవరైనా ముందు అక్క వైపు తిరగాలి. మర్చిపోతే, "గోడకి చెప్తున్నావేంట్రా? గోడ ఎప్పుడో పాసయిపోయింది, కరుణకి చెప్పు" అనేవారు. పా, బా, మా అనేటప్పుడు పెదవులు ఒకేలా కదులుతాయని నాకు తెలిసింది అక్కకి ఆవిడ నేర్పేటప్పుడే. పా అంటే నోటి ముందు పట్టుకున్న కోడి ఈక కదిలేది. బా అనేటప్పుడు అక్క చెయ్యి తన గొంతు మీద పెట్టుకునేవారు, మా అనేటప్పుడు ముక్కు పక్కన. రాత్రి పెద్దవాళ్ళతో చేపలవేటకెళ్ళి తెల్లారి వచ్చే పల్లెకారుల పిల్లల్ని మొదటి గంట నిద్రపోనిచ్చి, లేచాక వాళ్ళకి ఆ పాఠం మళ్ళీ చెప్పేవారు. ఇదంతా ఒక పద్ధతి అని, దానికో పేరుంటుందని మాకెవరికీ తెలీదు.

బడి ప్రార్థనతో మొదలయ్యేది. మాలో ప్రార్థనంటే కళ్ళు మూసుకోవాలి, పిల్లలకి మాటలకంటే ముందు నేర్పేది అదే. కళ్ళు మూసుకుంటే అక్కకి ఏమీ ఉండదు. అందుకని టీచరుగారు అక్కకి ఎదురుగా నిలబడి, కళ్ళు తెరిచి, నెమ్మదిగా ప్రార్థన చెప్పేవారు. అక్క ఒక్కతే కళ్ళు తెరిస్తే వేరుగా ఉంటుందని మమ్మల్నీ తెరవమన్నారు. సంఘపెద్ద యాకోబుగారికి అది నచ్చలేదు. అయినా చెవిటిపిల్ల కోసం కదా అని ఊరుకున్నారు.

రెండేళ్ళకి అక్క చదవడం మొదలుపెట్టింది. ఎదురుగా నిలబడి పిలిస్తే పలికేది, అడిగిందానికి బండ గొంతుతో అయినా జవాబు చెప్పేది. ఐదో తరగతి పరీక్ష రాయిస్తానని, రాస్తే హైస్కూల్లో చేర్చుకునేలా తనే వెళ్ళి అడుగుతానని టీచరుగారు అమ్మతో అన్నారు. మా ఇంట్లో హైస్కూలు మొహం చూసినవాళ్ళు అప్పటికి లేరు.

ఆ ఏడు కోతపండుగకి చర్చి నిండా అరటిగెలలు, గుమ్మడికాయలు, కాళ్ళు కట్టేసిన కోళ్ళు, కొత్త బియ్యం. బయట పెద్ద డేగిశాలో పులిహోర కలుపుతున్నారు. కానుకల వేలం మొదలయ్యే ముందు నాన్న ఒక గెల భుజాన పెట్టుకుని ముందుకెళ్ళి, తన బిడ్డకి దేవుడు చెవులిచ్చాడని సాక్ష్యం చెప్పాడు. అబద్ధం చెప్పాలని కాదు, నిజంగానే నమ్మాడు. పిలిస్తే పలుకుతోంది కదా. చర్చంతా స్తోత్రం అంది. అక్క అందరి నోళ్ళూ ఒక్కసారి తెరుచుకోవడం చూసి నవ్వింది.

మర్నాడు యాకోబుగారు బడికొచ్చారు. "చెవులొచ్చేసినియ్యి కదమ్మా, ఇంక పిల్లల చేత కళ్ళు మూయించండి."

"రాలేదండి. తను వినట్లేదు, చూస్తోంది" అన్నారు టీచరుగారు.

"దేవుడు చేసిన మేలుని కాదంటారేంటండీ?"

"మేలు జరగలేదని నేననట్లేదండి. చెవులు రాలేదంటున్నాను."

సాయంత్రం ఆవిడ మా ఇంటికొచ్చి నాన్నకీ అదే చెప్పారు. నాన్న చేతులు కట్టుకుని విని, "మీరు చదువుకున్నోరండి, మాది విశ్వాసమండి" అన్నాడు. ఆయనకి కోపం లేదు. కూతురు చెవిటిది కాదని చెప్పుకున్న ఆ ఒక్క రోజునీ పోగొట్టుకోవడం ఆయన వల్ల కాలేదు. సంఘంలో మాత్రం టీచరుగారికి విశ్వాసం లేదన్న మాట ఇంటింటికీ తిరిగింది. జూన్‌లో బడి తెరిచేసరికి మిషను వాళ్ళు ఆవిడని గోదారి అవతల బడికి మార్చారు.

కొత్త మాస్టారు చెడ్డవాడు కాదు. సమయానికి వచ్చేవాడు, పాఠం ఎగ్గొట్టేవాడు కాదు. నల్లబల్ల పాత గోడకి వెళ్ళిపోయింది. ఆయన వరసల మధ్య తిరుగుతూ, బల్ల మీద రాస్తూ చెప్పేవాడు. అక్క సంగతి ఆయనకి ఎవరూ చెప్పలేదని కాదు. "దీనికి చెవులొచ్చినాయండి" అని నాన్నే చెప్పాడు. వినబడుతున్న పిల్ల జవాబు చెప్పకపోతే మొండితనం అనుకుంటారు. బెత్తం వెనక నుంచి వచ్చేది, ముందొచ్చిన ప్రశ్న అక్కకి తెలిసేది కాదు. కొన్నాళ్ళకి అక్క దేనికైనా తల ఊపడం నేర్చుకుంది. పరీక్ష నాడు ప్రశ్నలు పైకి చదివి వినిపించారు. అక్క తెల్లకాగితం ఇచ్చేసి వచ్చింది. ఆ వేసవిలో అమ్మ తనతోపాటు అరటితోటకి తీసుకెళ్ళింది.

ఒకరోజు సాయంత్రం పెరట్లో అంట్లు తోముతున్న అక్క వెనక నిలబడి నాన్న పిలిచాడు. మళ్ళీ పిలిచాడు. తర్వాత గిన్నె మీద గట్టిగా కొట్టాడు. అక్క తిరగలేదు. నాన్న గిన్నె అక్కడే పెట్టి గట్టు మీదికి వెళ్ళిపోయాడు. ఆ సంగతి చర్చిలో చెప్పలేదు. సాక్ష్యం చెప్పే ఆచారం మాకుంది, వెనక్కి తీసుకునే ఆచారం లేదు.

అక్క రావులపాలెం అరటి మార్కెట్లో గెలలకి ఆకు చుట్టే పనిలో చాలా ఏళ్ళు చేసింది. నేర్చుకున్న అక్షరాలు పోయాయి, తర్వాత పెదవులు చదవడమూ మానేసింది. ఎవరైనా ఎదురుగా నిలబడి మాట్లాడబోతే మొహం పక్కకి తిప్పుకునేది. అక్క పోయిన ఏడాది చనిపోయింది. నాన్న అంతకు ముందే పోయాడు.

హాల్లో లైట్లు వేశాక మాకు టీ, బిస్కెట్లు ఇచ్చారు. టీ తాగుతూ మా పేట సంగతే అనుకున్నాను. అక్కడ బడి మూతపడింది, ఆ గది ఇప్పుడు చర్చి మాత్రమే. పిల్లలు పొద్దున్నే వ్యానుల్లో రావులపాలెం బడికి వెళ్తారు. అక్కడ ప్రార్థన మైకులో వస్తుంది, పిల్లలు వరసల్లో నిలబడి కళ్ళు మూసుకుంటారు. ఎవరి మొహంలోకైనా చూస్తూ ప్రార్థన చెప్పడం ఇప్పుడు లేదు.