గుర్రపుడెక్కలో కిటికీ

అడవిబాతులు పట్టేవాణ్ణి ఏరికోరి పిలిచి, వాడికి సర్కారు ఖర్చుతో తెప్ప, తాడు, వెదురు బొంగులు కొనిచ్చి, పైన కూలి కూడా ఇచ్చిన ఫారెస్టు సెక్షన్ ఆఫీసర్ ఈ చుట్టుపక్కల నేనొక్కడినే. అదీ సగం కూలికి మాట్లాడాను. ఆ ఘనత ఇప్పటికీ నాదే.

రిటైరు కావడానికి రెండేళ్ళ ముందు, ఒక జనవరిలో, మదనపల్లె నుంచి నన్ను పుంగనూరు వైపు సెక్షన్‌కు మార్చారు. సెక్షన్ ఆఫీసరంటే రేంజ్ ఆఫీసరుకు కింద, బీటు ఆఫీసర్లకు పైన. పైనుంచి తిట్లూ కిందనుంచి సాకులూ వచ్చి కలిసే చోటు. కుప్పం పోయే దోవలో నా పరిధిలో ఒక చెరువుండేది. చలికాలంలో ఉత్తరాది నుంచి సూదితోక బాతులు వచ్చి దిగి, ఎండలు ముదిరేలోపు పోయేవి. ఫిబ్రవరి ఆఖరులో డీఎఫ్ఓ, అంటే డివిజన్ మొత్తానికి అధికారి, వచ్చి పక్షుల లెక్క తీయాలి. పక్షులుంటే చెరువుకు కాపలా ఉంటుంది, లేకపోతే తీసేస్తారు. కాపలా అంటే గంగులప్ప అనే దినకూలి వాచర్. లెక్క తప్పితే ఆయన పని పోతుంది.

ఆ ఏడు చెరువంతా గుర్రపుడెక్క అల్లుకుపోయింది. నీళ్ళున్నాయని తెలియాలంటే రాయి వేసి చూడాలి.

"బాతులు వస్తానే ఉండాయి సార్," అన్నాడు గంగులప్ప. "పైన రెండు సుట్లు తిరిగి, ఈడ దిగేదానికి తావు లేదని పోతాండాయి. మా ఇంటికొచ్చే సుట్టాలూ అంతే. వాకిట్లో నిలబడి సూసి పోతారు."

మంచు కురిసే దేశాల్లో చెరువులు గడ్డకట్టే కాలానికి వేటగాళ్ళు నీటిని కదిలిస్తూ కొంత మేర తెరిచి ఉంచుతారనీ, ఆఖరున వచ్చే బాతులు అక్కడే దిగుతాయనీ ఒక ట్రైనింగులో విన్నాను. మనకు గడ్డ లేదు, డెక్క ఉంది. మనం వేటాడం, లెక్కపెడతాం. మిగతా సూత్రమంతా ఒకటేనని నిశ్చయించి, డెక్క మధ్యలో నూర్పిడి కళ్ళమంత చోటు ఖాళీ చేయించాలనుకున్నాను. దానికి కిటికీ అని పేరు పెట్టాను. కిటికీ తెరవడం సులువే, తెరిచి ఉంచడమే కష్టం. పొద్దున లాగేసిన డెక్కను సాయంత్రం గాలి మళ్ళీ తోసుకొస్తుంది. అందుకని బొంగులను తాడుతో వరసగా కట్టి అంచుల్లో తేలేస్తారు. వాటిని దాటి వచ్చిన డెక్కను రోజూ తెల్లవారుజామున తెప్పమీద పోయి లాగేయాలి.

ఆ పనికి చెరువు కింది పల్లెనుంచి మునెప్పను పిలిపించాను. ఎద్దుల సంతల్లో నలిగిన మనిషి. టవలు పరిచి చేయి కింద పెట్టమన్నాడు. సంతలో ధర నోటితో చెప్పరు. పక్కవాళ్ళకు తెలియకుండా గుడ్డ కింద వేళ్ళు పట్టుకుని చెప్పుకుంటారు, వేలికి వంద. మా పక్కన ఉన్నది గంగులప్ప, ఒక బర్రె. అయినా పెట్టాను. నేను మదనపల్లెలో చిల్లరంగడి గల్లాపెట్టె పక్కన పెరిగినవాణ్ణి, బేరమంటే నాకు పండగ. రోజు కూలికి మునెప్ప నాలుగు వేళ్ళు పట్టాడు. నేను రెండు పట్టాను. మూడు దగ్గర తెగుతుందని నా లెక్క. ఆయన నా రెండు వేళ్ళే మెల్లగా నొక్కి, "కానీ సార్" అన్నాడు. లాగిన డెక్క ఎరువుకు తానే గంపల్లో మోసుకుపోతానన్నాడు. ఇంకొకరిని తెప్ప ఎక్కనీయవద్దన్నాడు. మనిషి మారితే బాతు బెదురుతుందట.

ఆయన పోయాక గంగులప్ప గొణిగాడు. "సగానికే ఒప్పుకొన్యాడు, యాల సార్?"

అది బేరమాడేవాణ్ణి బట్టి ఉంటుందన్నాను.

పనికి వంక పెట్టలేం. రాత్రి కాపలా ముగించి గంగులప్ప ఇంటికి పోయే వేళకు మునెప్ప తెప్ప ఎక్కేవాడు. కిటికీ అలికిన వాకిలిలా ఉండేది. వారం తిరక్కముందే బాతులు దిగాయి. గంగులప్ప ముఖంలోకి నెత్తురొచ్చింది.

ఎనిమిదింటికి వస్తామన్న డీఎఫ్ఓ మేడమ్ లెక్క రోజున తెల్లవారకముందే వచ్చేశారు. మునెప్ప ఇంకా రాలేదు. ఇద్దరు విడివిడిగా, గుంపులు గుంపులుగా లెక్కపెట్టి, రెండు అంకెలూ సరిపోల్చడం పద్ధతి. వెలుగు రాగానే మేడమూ నేనూ అలాగే చేశాం, రెండు లెక్కలూ కలిశాయి. మేడమ్ మాత్రం దుర్బిణి వదలలేదు. ఆ చివరి బాతు ఎగరబోయి మళ్ళీ కూర్చుంటోంది, ఎందుకని అడిగారు.

"మన చెరువంటే ఇష్టం మేడమ్," అన్నాను.

"పక్కదానికీ అంతే ఇష్టమా?"

గంగులప్ప తెప్పమీద పోయి చూశాడు. బొంగుల పొడవునా, నీటి మట్టానికి, నైలాన్ దారపు ఉచ్చులు. చిక్కుకున్న రెండింటినీ విప్పి వదిలాడు. అంతలో ఖాళీ గంపతో మునెప్ప కట్ట ఎక్కాడు. మమ్మల్ని చూసి పారిపోలేదు, గంప బోర్లించి దానిమీద కూర్చున్నాడు. ఇన్నాళ్ళూ ఎరువుకని మోసిన డెక్క కింద ఏముండేదో అప్పుడు అర్థమైంది.

వేట కేసులో వాడిన ప్రతి వస్తువునూ సాక్షుల ఎదుట పంచనామా రాసి జప్తు చేయాలి. రాయవలసింది సెక్షన్ ఆఫీసరే. తెప్ప, అటవీశాఖది. బొంగులు, అటవీశాఖవి. తాడు, అదీ మాదే. నిందితుడి వృత్తి దగ్గర అటవీశాఖ కూలీ అని రాశాను. మేడమ్ చదివి, ఉచ్చులొక్కటే ఆయన సొంతమా, అవి మాత్రం ఎందుకు మిగిల్చారని నన్ను అడిగారు.

గంగులప్ప మాత్రం ఆమె చేతిలోని కలం వైపే చూస్తున్నాడు. ఈ చెరువులో బాతులున్నాయి, ఉచ్చులూ ఉన్నాయి, కాబట్టి కాపలా కొనసాగాలి అని రాసి ఆమె సంతకం చేశారు. గంగులప్ప టవలుతో ముఖం తుడుచుకున్నాడు.

ఎన్ని బాతులు పోయాయని మునెప్పను అడిగాను.

"లెక్క పెట్టలేదు సార్. మీరు పట్టకుండా ఇడిసిపెట్టిన రెండు వేళ్ళకు సరిపోయేటన్ని."

అవతలివాడు ధర పెంచడానికి ఇంకో వేలు పట్టలేదంటే, మిగతా ధర ఇంకో చోట రాబట్టుకుంటున్నాడని అర్థం. అంగడిలో పుట్టి, అరవైకి దగ్గరపడ్డాక నేర్చుకున్నాను.

ఇక బిల్లు. మునెప్పకు కోర్టు జరిమానా, ఆయనే కట్టాడు. నాకొక మెమో. కేసు సరుకు కింద జమైన తెప్పకూ బొంగులకూ రేంజ్ ఆఫీసు వెనక చెదలు. మరుసటి చలికాలం కొత్త మనిషికి నాలుగు వేళ్ళ కూలి టవలు లేకుండానే ఇచ్చాను. మొదటి ఏడు నేను మిగిల్చానన్న సగం కూలి మాత్రం మిగల్లేదు. అది బాతులు కట్టాయి.