మిగిలిన వేళ్లకు అందిన క్లచ్

గడ్డి కోసే మిషన్‌లో పడి మావారి ఎడమచేతి వేళ్లు రెండు పోయాయి. గాయం మానినా, బైకు క్లచ్ పట్టే బలం రాలేదు. కల్హేర్ దగ్గరి మా ఊరి నుంచి నారాయణఖేడ్‌కు కూరగాయలు తీసుకెళ్లే మనిషి బండి ముట్టడమే మానేశాడు. మాటలూ తగ్గిపోయాయి.

ఆయనకు చెప్పకుండా బండిని మెకానిక్‌కు ఇచ్చాను.

"అక్కా, బరువు గుంజేటట్టు క్లచ్ ప్లేట్లు గట్టివి ఏసిన. లివర్ అల్కగ చేసిన, ఉన్న వేళ్లతోనే వస్తది" అన్నాడతను.

మరునాడు బతిమాలి బండి తీయించాను. వంకాయల మూటకూ ఆయనకూ మధ్య ఇరుక్కుని కూర్చున్నాను. ఎత్తు ఎక్కుతుండగా ముందున్న బస్సు టక్కున ఆగింది. వెనక లారీ. మా బండి వెనక్కి జారింది.

"నేను దిగాల్నా?" అన్నాను.

"దిగకు. నన్ను పట్టుకొని కూసో."

కాలితో బ్రేకు తొక్కి, మిగిలిన వేళ్లతో క్లచ్ పట్టి మెల్లగా వదిలాడు. బండి కుదుపు లేకుండా కదిలి, బస్సును దాటి పైకెక్కింది.

"ఏందే, గింత గట్టిగ పట్టుకున్నవ్? ఊపిరాడ్తలేదు" అని పకపకా నవ్వాడు.

దెబ్బ తగిలాక ఆయన నవ్వడం అదే మొదలు. ఇప్పుడు ఆ ఎత్తు ఎక్కినప్పుడల్లా నాకు లారీ కాదు, ఆ నవ్వే గుర్తొస్తుంది.