తలుపు మీద కాగితం

మా తలుపుకి అంటించిన కోర్టు కాగితాన్ని పీకేసింది నేనే. అప్పుడు నాకు ఆరేళ్లు. అమ్మానాన్నలు చెరకు కోతకు వెళ్లారు. నిన్న చోడవరం బస్టాండులో సినిమా పోస్టరు అంటిస్తుంటే, అదే తడి మైదా జిగురు వాసన వచ్చింది.

"ఒసే, తలుపు మీద ఈ మరకేటే?" అంది అమ్మ ఆ సాయంత్రం కోత నుంచి వస్తూనే.

"పోస్టరమ్మా, పీకీసేను."

"మంచి పని సేసేవు. కొత్త రంగేసిన తలుపు."

ఆ కాగితం, మా పొలం కోసం చిన్నాన్న వేసిన దావా సమన్లు. ఇంట్లో ఎవరూ లేరని తలుపుకి అంటించినా, కోర్టు భాషలో అవి 'జారీ' అయినట్టే. ఎవరూ చదవక్కర్లేదు. విలేకరినయ్యాక ఈ సంగతి తెలిసింది. అప్పటికే నాన్న కోర్టుకి హాజరు కాకుండానే మాకు వ్యతిరేకంగా తీర్పు వచ్చేసింది.

ఆయన వేసిన అప్పీలు ఇంకా తేలలేదు. మా తలుపుకి ఏ కాగితమూ అంటించలేదని అందులో నాన్న ప్రమాణం చేశారు.