హెడ్మాస్టరు గారి లాగిన్‌లో మా నాయనమ్మ

ఈ రోజు నిడదవోలు దగ్గర మా స్కూల్లో చరిత్ర టీచర్లకి ఆన్‌లైన్ ట్రైనింగ్ జరిగింది. పుస్తకంలో లేనివాళ్ల వైపు నుంచి మీ ఊరి చరిత్ర ఒక్క ముక్క రాయమన్నారు. ఉన్నది ఒకటే కంప్యూటర్, లాగిన్ హెడ్మాస్టరు గారి పేరు మీద. ఆయన ఫోన్ మాట్లాడుతూ "మీరు రాసేయండి టీచరు గారూ" అన్నారు. రాసేశాను.

"మా నాయనమ్మని ఊరి బావిలో చేద వెయ్యనిచ్చేవాళ్లు కాదు. ఎవరైనా నీళ్లు పోసేదాకా బిందెతో దూరంగా నిలబడేది."

తెర మీద ట్రైనర్ గారు అది చదివి, "హెడ్మాస్టరు గారూ, మీ నాయనమ్మ గారి గురించి ఇంకొంచెం చెప్పండి" అన్నారు.

ఆ బావి తవ్వించింది హెడ్మాస్టరు గారి తాతగారే. నేను విద్యా వాలంటీరుని, వచ్చే ఏడు ఉండాలంటే ఆయన సంతకం పడాలి. ఆయన ఫోన్ పెట్టేసి స్క్రీన్ చదివారు.

"మా నాయనమ్మ కాదండి, ఈ టీచరు గారి నాయనమ్మ. నీళ్లు పోసింది మా నాయనమ్మ. ఎంతసేపు నిలబెట్టేదో ఈవిడే చెప్పాలి" అని మైకు నా వైపు జరిపారు.

నాకు తెలియదు. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది, అదీ చరిత్రలో, అయినా ఏనాడూ అడగలేదు. ఇంటికొచ్చి నాయనమ్మనే అడిగాను.

"ఆవిడకి కోడలి మీద కోపమొస్తే మధ్యాహ్నందాకా నిలబడాల్సిందే అమ్మడూ" అంది.

మీరు మీ ఇంట్లో ఏం అడగలేదో చెప్పండి.