ముందు కూర్చో

మా ఇంట్లో ఎవరైనా "ముందు కూర్చో" అన్నారంటే ఎవరో పోయారని అర్థం. లేదా పోబోతున్నారని. ఎంత తక్కువలో చూసుకున్నా ఎవరిదో కాలైనా విరిగి ఉండాలి. ఈ మాట మా అక్క కోసం పుట్టింది. అక్క కూర్చున్నాక మంచినీళ్ళ గ్లాసు వస్తుంది. గ్లాసు సగం అయ్యాక వార్త వస్తుంది, అదీ మూడో వంతు. ఇవాళ "మేనత్తకి ఒంట్లో బాలేదట." రేపు "ఇంకాస్త బాలేదట." ఎల్లుండి అసలు సంగతి. మా అక్క లెక్కలో మా చుట్టాలందరూ రెండ్రోజులు ఆలస్యంగా చచ్చిపోయారు.

అక్క గుండెలో చిల్లుతో పుట్టింది. చిల్లొక్కటే అయితే బాగానే ఉండును, ఊపిరితిత్తులకి రక్తం వెళ్ళే దారి కూడా ఇరుకు. ఏడిస్తే పెదాలు నీలంగా అయిపోయేవట. నడక వచ్చాక నాలుగడుగులు వేసి గొంతుక్కూర్చునేది, ఊపిరి అందాక లేచి మళ్ళీ నాలుగడుగులు. వీధి చివర కొట్టుకి వెళ్ళి రావడానికి నాన్నకి గంట పట్టేదట. ఎత్తుకుంటానంటే ఒప్పుకునేది కాదట. నాలుగో ఏట ఛాతీ కోసి చిల్లు మూశారు, ఇరుకు వెడల్పు చేశారు. పదకొండో ఏట మళ్ళీ కోశారు. ఆమె ఛాతీ మీద ఉన్న గీత చూసి, చిన్నప్పుడు నేను అందరు అక్కలకీ అలాగే ఉంటుందనుకున్నాను. పక్కింటి అక్కని అడిగి చెంపదెబ్బ కూడా తిన్నాను.

రెండో ఆపరేషన్ నాటికి నాకు ఐదేళ్ళు. ఆమె ఇంటికొచ్చిన నెలకి, తలుపు వెనక దాక్కుని "భౌ" అన్నాను. నాన్న జన్మలో నన్ను ఒకే ఒక్కసారి కొట్టాడు, అది ఆ రోజే. నాన్న వదిలిపెట్టాక అక్క నన్ను వంటింట్లోకి పిలిచి మెల్లగా అంది:

"మళ్ళీ చెయ్యి."

"నాన్న చంపేస్తాడే."

"నన్నెవరూ భయపెట్టర్రా. మళ్ళీ చెయ్యి."

చేశాను. కళ్ళార్పకుండా చూసింది. భయం వేసిందా అంటే, లేదంది. అప్పట్నుంచి వారానికోసారి అటక పైనుంచి, మంచం కిందనుంచి, నీళ్ళ డ్రమ్ము వెనకనుంచి నా శాయశక్తులా ప్రయత్నించాను. మనుషుల్ని బోల్తా కొట్టించే నా విద్యంతా అలా నేర్చుకున్నదే. ఫలితం మాత్రం సున్నా. ఇన్నేళ్ళ పాటు అందరూ దూదిలో చుట్టి పెడితే మనిషి దూదిలాగే అవుతుందేమో, నాకు తెలీదు. బళ్ళో గాజుబొమ్మ అనేవాళ్ళు. గాజు కనీసం మోగుతుంది.

అక్కకి ఇరవై ఆరో ఏట గుండె డాక్టరు అన్నీ చూసి, "ఇంక మామూలు మనుషుల్లాగే ఉండొచ్చు, రెండేళ్ళకోసారి కనిపిస్తే చాలు" అన్నాడు. ఇంట్లో అందరూ కళ్ళు తుడుచుకున్నారు. అక్క మాత్రం "సరే" అంది. మర్నాడు పోయి ఉద్యోగంలో చేరింది.

ఉద్యోగం కట్టుడు పళ్ళు చెయ్యడం. పళ్ళ డాక్టర్లు నోటి అచ్చులు తీసి పంపిస్తే, ఆ అచ్చుల్లో ప్లాస్టరు పోసి దవడలు తయారుచేస్తారు. దవడ మీద మైనం కట్టి అందులో పళ్ళు ఒక్కొక్కటే గుచ్చుతారు. తర్వాత వేడినీళ్ళతో మైనం కరిగించేసి, ఆ ఖాళీలో గులాబిరంగు ముద్ద కూరి ఉడికిస్తారు. ఆరాక అరగదీసి మెరుగుపెడతారు. యజమానిని అందరం దవడల మాస్టారు అంటాం. అల్మరా నిండా వరసగా దవడలే. ఒక్కదానికీ మనిషి లేడు, అన్నీ ఇకిలిస్తూనే ఉంటాయి. "మీ అక్క పెట్టిన పళ్ళతో అత్తాకోడళ్ళు పదేళ్ళు పోట్లాడుకోవచ్చయ్యా, ఒక్కటి కదలదు" అంటాడాయన. ఆయన మర్యాదకి "కూర్చోమ్మా" అన్న మొదటిరోజు అక్క కుర్చీ పట్టుకుని "ఎవరు పోయారు సార్?" అని అడిగిందట. ఆ రోజునుంచి ఆయన ఎవర్నీ కూర్చోమనడు. పళ్ళ డాక్టర్లు వచ్చినా నిలబెట్టే మాట్లాడతాడు.

ఆ పనిచోటు మూడో అంతస్తులో ఉంది. లిఫ్టు లేదు. యాభై నాలుగు మెట్లు. ఇంట్లో మాత్రం లిఫ్టుందని చెప్పింది. ఎక్కడా ఆగకుండా ఎక్కుతుంది, పైన ఒక్క నిమిషం గోడకి చెయ్యి ఆనించి నిలబడుతుంది, అంతే. ఇది నా ఒక్కడికే తెలుసు. వాళ్ళు ఆమెకి అబద్ధాలు, ఆమె వాళ్ళకి అబద్ధాలు, మధ్యలో ఇద్దరికీ నేను. కుటుంబం అన్యోన్యంగానే నడిచింది.

అమ్మ పై పళ్ళ సెట్టు కూడా అక్క చేసిందే. అమ్మకి పళ్ళ విషయంలో మహా పట్టింపు. అవి లేకుండా నాన్నకి కూడా మొహం చూపించలేదు. అక్క ఒక్కతే ఆ బోసినోరు చూసింది, వేళ్ళు పెట్టి కొలతలు తీసింది కనక.

నాన్న పోయి మూడేళ్ళయింది. పొద్దున ఎనిమిదింటికి పోయాడు. అక్క అప్పటికే పనికి వెళ్ళిపోయింది. మా ఇద్దరికీ పెద్దవాడైన అన్నయ్య ఆమెకి ఫోన్ చేసి "నాన్నకి కొంచెం నీరసంగా ఉంది, నువ్వేం కంగారుపడకు" అన్నాడు. మధ్యాహ్నం "హాస్పిటల్లో ఉంచారు, రావద్దన్నారు" అన్నాడు. సాయంత్రం ఆమె ఇంటికొచ్చేసరికి అన్నీ అయిపోయాయి. నాన్న మంచం కూడా ఎత్తేశారు. పెద్దమ్మ కుర్చీ లాగి "ముందు కూర్చోమ్మా" అంది. గ్లాసు వచ్చింది. అక్క నీళ్ళు మొత్తం తాగేసి అడిగింది:

"ఎన్నింటికి?"

"ఎనిమిదింటికి తల్లీ."

"నేను బస్సు దిగుతున్నాను అప్పటికి."

అంతే. ఏడవలేదు. మర్నాడు పనికి పోయింది. గుండెకి కుట్లు వేసినప్పుడు ఏదో లోపలే మర్చిపోయారని పెద్దమ్మ అంది. నాకైతే అలా అనిపించలేదు. సగం గ్లాసు నీళ్ళతో ఏడుపు మింగడం అక్కకి నాలుగో ఏటనుంచీ అలవాటు చేశారు, అలవాటే పనిచేసింది. ఆ తర్వాత చాలాకాలం ఇంట్లో ఆమె నిలబడే భోంచేసింది.

మొన్న అమ్మకి పేగులో గడ్డ ఉందని తేలింది. కొయ్యాలి. ఎలాంటి గడ్డో కోశాక గాని చెప్పలేమన్నారు. గురువారం పదకొండింటికి ఆపరేషన్. అన్నయ్య ఇంట్లో అన్నయ్య, వదిన, అమ్మ, నేను కూర్చున్నాం. నిజంగానే కూర్చున్నాం.

"దానికి మాత్రం చెప్పొద్దు" అంది అమ్మ. "నాకు పిన్ని ఇంటికి ప్రయాణం అని చెప్పండి. పిన్నికి మోకాళ్ళ నొప్పులు, పదిరోజులుండి వస్తాను."

"ఫోన్ చేస్తే?" అంది వదిన.

"అమ్మ ఫోన్ వీడికిచ్చేద్దాం, అమ్మలాగా వీడే మెసేజీలు పెడతాడు" అన్నాడు అన్నయ్య. "అబద్ధాల్లో వీణ్ణి మించినవాడు లేడు."

"పోనీ, ఏదైనా అయితే?" అన్నాను.

అమ్మ పళ్ళు సరిచేసుకుంది. "అయితే మెల్లగా చెప్పండి" అంది.

బుధవారం అమ్మ సంచీ సర్దుకుని వెళ్ళిపోయింది. పాత రిపోర్టులు తెమ్మని నన్ను ఇంటికి పంపారు. బీరువాలో ప్లాస్టిక్ కవరు తీస్తే అందులో అమ్మ కాగితాలతో పాటు అక్క కాగితాలూ ఉన్నాయి. మొదటి ఆపరేషన్ తర్వాత ఇంటికి పంపేటప్పుడు ఇచ్చిన కాగితం పచ్చబడిపోయింది. చివర్లో డాక్టరు చేత్తో రాశాడు: "ఆరు వారాల పాటు పాపకి ఉలికిపాటు, దుఃఖం కలిగించే విషయాలు చెప్పకండి." నాన్న "చెప్పకండి" కింద రెండు గీతలు గీసుకున్నాడు. "ఆరు వారాల" కింద ఏ గీతా లేదు.

ఆరు వారాలు ఎప్పుడైపోయాయో ఎవరూ చూసుకోలేదు. ఆపమని కూడా ఎవరూ చెప్పలేదు. మందు మానెయ్యమని డాక్టరు అనకపోతే మా నాన్న దగ్గు మందైనా ఏడాది తాగించే రకం. ఇదైతే ఇరవై ఆరేళ్ళు తాగించాడు.

కాగితం జేబులో పెట్టుకున్నాను. ఎందుకో తెలీదు.

గురువారం పొద్దున తొమ్మిదింటికి అక్క పనిచోటికి వెళ్ళాను. అనుమానం వచ్చిందేమో చూసి రమ్మని అన్నయ్య పంపాడు. ఆమె ఒక దవడ ముందు పెట్టుకుని మైనంలో పళ్ళు గుచ్చుతోంది. నన్ను చూసి సంచీలోంచి ఒక చిన్న డబ్బా తీసి నా చేతిలో పెట్టింది. అమ్మ రాత్రిళ్ళు పళ్ళు నీళ్ళలో వేసుకునే డబ్బా.

"స్నానాల గదిలో మర్చిపోయింది. పిన్నీ వాళ్ళింటికి ఎవరైనా వెళ్తుంటే పంపించు. పళ్ళు ఎందులో వేసుకుంటుంది? చేతిగుడ్డలో చుడితే ఆరిపోయి వంకర తిరుగుతాయి."

"అలాగే" అన్నాను.

డబ్బా పట్టుకుని నాలుగడుగులు వేశాను. ఆగాను. మళ్ళీ వెనక్కొచ్చాను.

"అక్కా. అమ్మ పిన్ని ఇంట్లో లేదు. పెద్దాసుపత్రిలో ఉంది. పేగులో గడ్డ, పదకొండింటికి ఆపరేషన్. ఏం గడ్డో తెలీదు."

ఆమె తలెత్తలేదు. "రాత్రి అమ్మ మెసేజి పెట్టింది, పిన్ని మోకాలికి నూనె రాస్తున్నానని."

"అది నేను పెట్టాను."

"పోరా. చిన్నప్పట్నుంచి చూస్తున్నాను నీ వేషాలు. మొన్న మాస్టారు పోయాడని చెప్పావు, ఆయన వెనకాలే నిలబడున్నాడు."

నిజమే, చెప్పాను. మంచినీళ్ళు కూడా తెచ్చిచ్చాను. ఇప్పుడు ఒట్టేద్దామంటే నా ఒట్లకి విలువ పోయి చాలాకాలమైంది. జేబులో కాగితం తీసి బల్ల మీద పెట్టాను. చదివింది. "ఆరు వారాలా" అంది. మళ్ళీ చదవలేదు. అప్పుడు తలెత్తి నా మొహం చూసింది. నా ముందుపన్ను ఒకటి సగం విరిగి ఉంటుంది, మెట్ల పిట్టగోడ మీంచి జారినప్పటిది.

"నీ విరిగిన పన్ను కనిపిస్తోంది" అంది.

"అయితే?"

"అబద్ధం చెప్పేటప్పుడు పైపెదవి కిందకి లాక్కుని దాన్ని దాస్తావు. నాకు పళ్ళు చూడ్డమే కదా పని."

చేతిలో ఉన్న పన్నుని మైనంలో గుచ్చి, సరిగ్గా ఉందో లేదో పక్కనుంచి చూసుకుని లేచింది. ఆ కాగితం దవడ కింద పరిచి పెట్టింది, ప్లాస్టరు బల్లకి అంటకుండా. "మాస్టారూ, మా అమ్మకి ఆపరేషన్, వెళ్తున్నాను" అంది. ఆయన కంగారులో "అయ్యో, ముందు కూ..." అని నాలిక కరుచుకున్నాడు.

పెద్దాసుపత్రిలో ఆపరేషన్ గదులు నాలుగో అంతస్తులో ఉన్నాయి. లిఫ్టు దగ్గర జనం ఉన్నారు. అక్క మెట్ల వైపు తిరిగింది. రెండో అంతస్తు దాటేసరికి నేను కుక్కలా రొప్పుతున్నాను, ఆమె ఆగలేదు.

పైన పెద్ద గొడవ. అమ్మ చక్రాల బండి మీద పడుకుని నోరు గట్టిగా మూసుకుని ఉంది. నర్సు అంటోంది, "పళ్ళు తీస్తేగాని లోపలికి తీసుకెళ్ళలేమమ్మా, మత్తిచ్చాక గొంతులో పడిపోతాయి." అమ్మ తల అడ్డంగా ఊపుతోంది. అన్నయ్య "తియ్యమ్మా, ఎవరూ చూడరు" అంటున్నాడు, తనే చూస్తూ. వదిన మావైపు తిరిగి చూసి తెల్లబోయింది. అన్నయ్య నన్ను చూసి పళ్ళు నూరాడు. ఆయనవి సొంత పళ్ళే.

"ఎవరు చెప్పార్రా దీనికి? ఒరేయ్... నువ్వు ముందు కూర్చో అమ్మా, కూర్చో" అని అక్కకి కుర్చీ లాగాడు.

అక్క కుర్చీ పక్కనుంచి వెళ్ళి తెర లాగేసింది. లోపల వాళ్ళిద్దరే. తెర ఇవతల మాకు మాటలు వినిపిస్తూనే ఉన్నాయి.

"నోరు తెరు."

"నువ్వెందుకొచ్చావే? నీకేమైనా అయితే?" నోరు మూసుకునే అంది అమ్మ.

"ఏం కాదు. తెరు. ఆఁ, అంతే."

తర్వాత అమ్మ గొంతు మారిపోయింది, బోసినోటి గొంతు. "నీ పెదాలు నీలంగా ఉన్నాయా?"

"లేవు. చూడు."

తెర తీసేసరికి అక్క చేతిలో డబ్బా ఉంది, డబ్బాలో పళ్ళు. అమ్మ దుప్పటి అంచు నోటిమీదకి లాక్కుంది. బండి లోపలికి వెళ్ళిపోయింది.

మూడున్నర గంటలు పట్టింది. అక్క కిటికీ దగ్గర నిలబడి డబ్బాలో పళ్ళు అటూ ఇటూ తిప్పి చూస్తూ ఉంది. "ఎడమవైపు దవడపన్ను అరిగింది, అటే నములుతోంది" అని ఒకసారి అంది. నేను ఏ వేషాలూ వెయ్యలేదు. అన్నయ్య నాతో మాట్లాడ్డం మానేశాడు, ఇప్పటికీ మానేసే ఉన్నాడు.

డాక్టరు బయటికొచ్చాడు. మా మొహాలు చూసి చెయ్యి చూపించి, "కూర్చోండి" అన్నాడు. వదిన దబ్బున కూర్చుంది. అన్నయ్య మంచినీళ్ళ సీసా తీసి అక్కకి ఇవ్వబోయాడు.

"ఇలాగే చెప్పండి" అంది అక్క. "మొత్తం ఒకేసారి."

ఆయన చెప్పాడు. గడ్డ తీసేశాం. చూడ్డానికి చెడ్డదే అనిపిస్తోంది, పరీక్షలో తేలుతుంది. పేగు మూరెడు తీసెయ్యాల్సొచ్చింది. స్పృహలోకి వస్తోంది. మందులు ఆరునెలలు పట్టొచ్చు. తర్వాత సంగతి తర్వాత.

అక్క విన్నది. నేను ఆమె పెదాలే చూస్తున్నాను, చిన్నప్పట్నుంచి మా ఇంట్లో అందరికీ ఉన్న అలవాటే. మామూలు రంగులోనే ఉన్నాయి. కొంచెం వణికాయేమో, కచ్చితంగా చెప్పలేను.

"పళ్ళు ఎప్పుడు పెట్టొచ్చు?" అని అడిగింది.

"పూర్తిగా తెలివొచ్చాక. సాయంత్రానికి."

"అయితే ఉంటాను" అంది. డబ్బాలో నీళ్ళు మార్చి తీసుకురమ్మని నాకిచ్చి, మళ్ళీ కిటికీ దగ్గరికి పోయి నిలబడింది.